ఒకే బండి, మూడు ఇంజిన్లు: వరంగల్ రోడ్లకు ఏది నప్పుతుంది?

కారు మోడల్ ఎంచుకోవడం ఈ రోజుల్లో అంత కష్టం కాదు. బడ్జెట్ ఎంత, ఇంట్లో ఎంతమంది, సర్వీస్ సెంటర్ ఎంత దూరం అని చూసుకుంటే చివరికి రెండు మూడు పేర్లు మిగులుతాయి. అసలు తలనొప్పి ఆ తర్వాతే. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ చూడండి. పైకి ఒకటే బండి, బానెట్ కింద మాత్రం మూడు రకాలు: 1.2 లీటర్ల మామూలు పెట్రోల్, 1 లీటర్ టర్బో పెట్రోల్, 1.5 లీటర్ల డీజిల్. టాటా నెక్సాన్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ దగ్గరికి వెళ్లినా పెట్రోలా డీజిలా, మాన్యువలా ఆటోమేటిక్కా అన్న పేచీ తప్పదు. షోరూంలో అడిగితే స్టాకులో ఏది ఉంటే అదే మంచిదంటారు. బావమరిదిని అడిగితే తను కొన్నదే మంచిదంటాడు.

బండి స్టార్టయితే చాలు, గమ్యం చేరితే చాలు అనుకునేవాళ్లకు ఈ గొడవ అక్కర్లేదు. నడపడం అంటే సరదా ఉండి, హనుమకొండలోనో కాజీపేటలోనో కరీంనగర్‌లోనో ఉంటూ, నెలకోసారైనా ఊరు దాటి వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పవర్ అంకె చూసి కొనకండి. మీరు ఎక్కువగా తిరిగే రోడ్డు ఏది, ఒకసారి స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఎంతసేపు నడుస్తుంది, ఈ రెండూ తేలితే ఇంజిన్ దానంతటదే తేలుతుంది.

బ్రోచర్‌లో చూడాల్సిన లైను

వెన్యూ, సోనెట్‌లలోని ఇంజిన్ల లెక్కలు ఇవి. 1.2 పెట్రోల్‌కు 83 పీఎస్ పవర్, 114 ఎన్ఎం టార్క్ (అంటే ఇంజిన్ తిప్పే బలం). టర్బోకు 120 పీఎస్, 172 ఎన్ఎం. డీజిల్‌కు 116 పీఎస్, 250 ఎన్ఎం. సేల్స్ కుర్రాడు మొదట చెప్పేది 120 అంకె. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర అని కూడా రాసి ఉంటుంది. దాన్నెవరూ చదవరు.

టర్బో 120 పీఎస్ ఇచ్చేది 6000 ఆర్‌పీఎం దగ్గర. మనం హంటర్ రోడ్డు మీద గానీ, జనగామ దాటి హైదరాబాద్ వెళ్లే హైవే మీద గానీ 6000 దాకా ఎప్పుడు తొక్కుతాం? ఎక్కువసేపు ఆర్‌పీఎం మీటరు ముల్లు ఉండేది 1500 నుంచి 2500 మధ్యలో. అక్కడ ఎంత బలం ఉందో చెప్పేది టార్క్, అది ఏ ఆర్‌పీఎంలో మొదలవుతుందన్న వివరం. మామూలు పెట్రోల్‌కు 114 ఎన్ఎం పూర్తిగా అందేది 4000 దగ్గర. టర్బోకు 172 ఎన్ఎం 1500 నుంచి 4000 దాకా చదునుగా ఉంటుంది. డీజిల్‌కు 250 ఎన్ఎం 1500 నుంచి 2750 దాకా.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7023తో భాగిస్తే ఆ క్షణంలో ఇంజిన్ ఇస్తున్న పవర్ పీఎస్‌లలో వస్తుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర పెడల్ పూర్తిగా తొక్కారనుకోండి. టర్బో ఇచ్చేది 49 పీఎస్. డీజిల్ ఇచ్చేది 71. మామూలు పెట్రోల్ అక్కడ 100 ఎన్ఎం ఇస్తుందనుకున్నా 29 దాటదు. బ్రోచర్‌లో టర్బో కన్నా నాలుగు పీఎస్ తక్కువున్న డీజిల్, రోజువారీ వేగంలో దాన్ని దాటేసి పోతోంది. డీజిల్ బండి నడిపినవాళ్లు పికప్ గురించి గొప్పగా చెప్పుకునేది ఇందుకే. అది ఉత్త గొప్పలేమీ కాదు.

పస్రా నుంచి ములుగు దాకా

ఇంజిన్ల తేడా తెలియాలంటే ఏటూరునాగారం నుంచి ములుగు వైపు ఒకసారి నడపాలి. గోదావరి ఇసుక లారీలు, రెండు వైపులా అడవి, పస్రా దాటాక నేరుగా కనిపించే రోడ్డు కొంచెమే. లారీ వెనక 45 మీద మూడో గేరులో పోతున్నారు. ఎదురుగా ఖాళీ కనిపించింది.

మామూలు పెట్రోల్ అయితే రెండో గేరుకు దిగాలి. ముల్లు 4000 దాటుతుంది, ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బండి వెళ్తుంది. వెళ్లదని కాదు. గేరు దించడం, ఇంజిన్ అరిచినా భయపడకుండా పెడల్ వదలకపోవడం అలవాటుండాలి. ఏసీ ఆన్ చేసి, నలుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉంటే మాత్రం ఆ లారీ వెనకే ఇంకో కిలోమీటరు ఓపిక పట్టడం మంచిది.

టర్బో అయితే ముల్లు 1800 పైన ఉన్నంతవరకు మూడో గేరులోనే లాగేస్తుంది. 1500 కింద ఉంటే కథ వేరు. ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే టర్బోను తిప్పేది ఇంజిన్ వదిలే పొగే. పొగ తక్కువైతే టర్బో తిరగదు, అది తిరిగేదాకా మీ చేతిలో ఉన్నది మూడు సిలిండర్ల 1 లీటర్ ఇంజిన్ మాత్రమే. పెడల్ తొక్కాక ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా దూసుకెళ్తుంది. దీన్నే టర్బో ల్యాగ్ అంటారు. మీరు 80 మీద, ఎదురుగా వచ్చే బస్సు కూడా 80 మీద ఉంటే ఇద్దరి మధ్య దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున తరుగుతుంది. ఆ ఒక్క క్షణం ఖరీదు అది.

డీజిల్ మూడో గేరులో, ఒక్కోసారి నాలుగులో కూడా, పెద్ద శబ్దం లేకుండా దాటేస్తుంది. దాని లోటు పైన ఉంది. 3500 దాటాక ఊపు తగ్గిపోతుంది, కాబట్టి పొడవాటి ట్రెయిలర్‌ను దాటేటప్పుడు మధ్యలో గేరు మార్చాల్సి రావచ్చు. పెట్రోల్ టర్బోలో ఆ బాధ లేదు, 6000 దాకా లాక్కుంటూ పోవచ్చు. నడపడంలో మజా ఎక్కడుందని అడిగితే నా ఓటు టర్బో పెట్రోల్‌కే. రాత్రి పూట, ఇంటిల్లిపాదితో, వర్షంలో అని అడిగితే డీజిల్‌కు.

డీజిల్: రోజుకు ఎంతసేపు నడుపుతారు?

మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు డీజిల్ మానేసింది. హ్యుందాయ్, కియా, టాటా, మహీంద్రా ఇంకా అమ్ముతున్నాయి. మంచి ఇంజిన్లే. కానీ ఇప్పటి డీజిల్ పాత స్విఫ్ట్ డీజిల్ లాగా ఎట్లా పడితే అట్లా వాడేది కాదు. కారణం డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్.

ఈ ఫిల్టర్ మసిని పట్టి ఊరుకోదు. నిండుతున్న కొద్దీ దాన్ని కాల్చేయాలి. కాల్చడానికి పొగ వేడి 600 డిగ్రీల దాకా పోవాలి, ఆ వేడి రావాలంటే బండి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా హైవే వేగంలో నడవాలి. కాజీపేటలో ఇల్లు, హనుమకొండలో ఆఫీసు, పిల్లల బడి సుబేదారిలో అనుకోండి. పొద్దున ఆరు కిలోమీటర్లు, సాయంత్రం ఆరు కిలోమీటర్లు. ఇంజిన్ సరిగా వేడెక్కే లోపే ఆపేస్తారు. బండి మసి కాల్చడం మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతుంది. ఆ ప్రయత్నంలో వేడి పెంచడానికి చిమ్మిన డీజిల్ కొంత కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి సంతోషిస్తారు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిన సూచన అది.

డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు వెలిగితే టెన్షన్ పడాల్సిన పని లేదు. ఖాళీగా ఉన్న సమయం చూసి మడికొండ దాటి స్టేషన్ ఘన్‌పూర్ వైపు హైవే ఎక్కి, ఒక గేరు తక్కువలో, ముల్లు 2000 పైన ఉండేలా ఇరవై నిమిషాలు నడిపితే చాలాసార్లు లైటు పోతుంది. పట్టించుకోకుండా నెల రోజులు తిప్పితే మాత్రం ఫిల్టర్ మార్చాలంటారు, అది చిన్న ఖర్చు కాదు.

అదే మనిషి భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం చేస్తూ హనుమకొండ నుంచి రోజూ తిరుగుతున్నా, కరీంనగర్‌కు వారానికి నాలుగు రోజులు పోయి వస్తున్నా డీజిల్‌ను మించింది లేదు. డీపీఎఫ్ ఉన్న సంగతి కూడా అతనికి తెలియకపోవచ్చు.

డబ్బు సంగతి. పెట్రోల్ 107, డీజిల్ 95 అనుకుందాం. టర్బో పెట్రోల్ మన వాడకంలో లీటరుకు 13, డీజిల్ 18 కిలోమీటర్లు ఇస్తాయని పెట్టుకుందాం. కిలోమీటరుకు దాదాపు 3 రూపాయలు మిగులుతుంది. డీజిల్ బండి లక్ష రూపాయలు ఎక్కువైతే ఆ లక్ష తిరిగి రావడానికి 34 వేల కిలోమీటర్లు నడవాలి. నెలకు 600 కిలోమీటర్లు తిరిగేవాడికి అది దాదాపు ఐదేళ్లు. నెలకు 2000 తిరిగేవాడికి ఏడాదిన్నర కూడా పట్టదు. మీ అంకెలు వేసుకుని ఇదే లెక్క మళ్లీ చేయండి, మైలేజీ మాత్రం బ్రోచర్‌లోది కాకుండా మీకు తెలిసినవాళ్ల బండిలో వస్తున్నది తీసుకోండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి మారిన జీఎస్టీ కూడా ఇక్కడ కలిసొచ్చింది. 4 మీటర్ల లోపు పొడవుండి పెట్రోల్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటని బండ్లకు 18 శాతం పన్ను, మిగతా వాటికి 40. వెన్యూ, సోనెట్, నెక్సాన్, 3ఎక్స్ఓ డీజిళ్లు 18లోనే వస్తాయి. క్రెటా, సెల్టోస్ దగ్గరికి పోతే ఏ ఇంజిన్ తీసుకున్నా 40.

ఢిల్లీలో పదేళ్ల డీజిల్ బండ్ల మీద పెట్టిన నిబంధన మన దగ్గర లేదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ చూసి రెన్యువల్ చేస్తారు. అందుకే అక్కడి డీజిల్ బండ్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, టీజీ నెంబరు ఖర్చు కలిపి చూస్తే ఆ చవక ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది.

మామూలు పెట్రోల్‌ను తీసిపారేయకండి

స్పీడంటే ఇష్టపడేవాళ్లు 1.2 పెట్రోల్‌ను చిన్నచూపు చూస్తారు. ఊళ్లో తిరగడానికి మాత్రం అదే సుఖం. పెడల్ ఎంత తొక్కితే అంత, ల్యాగ్ లేదు, స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేరులో సాఫీగా అందుకుంటుంది. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ వైపు లారీలు, ఆటోలు, ట్రాలీల మధ్య గంటసేపు పాకాల్సి వస్తే టర్బో ఉండి ఉపయోగమేమీ లేదు. ఇంజిన్ నిర్మాణం సులువు, సర్వీస్ ఖర్చు తక్కువ, టర్బో, ఇంటర్‌కూలర్, హై ప్రెజర్ ఇంజెక్టర్లు లాంటివి ఉండవు కాబట్టి పదేళ్ల తర్వాత పెద్ద బిల్లు వచ్చే అవకాశమూ తక్కువే. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు దాటనివాళ్లు కళ్లు మూసుకుని ఇది తీసుకోవచ్చు.

సీఎన్‌జీ గురించి రెండు ముక్కలు. ఖర్చు తగ్గుతుంది, సరదా కూడా తగ్గుతుంది. మారుతి బాలెనోలో పెట్రోల్ మీద 90 పీఎస్ ఇచ్చే ఇంజిన్ సీఎన్‌జీ మీద 77.5 ఇస్తుంది. డిక్కీలో చోటు పోతుంది, సిలిండర్‌కు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. నడపడం కోసం బండి కొనేవాళ్లకు ఇది కాదు.

20 శాతం ఇథనాల్ పెట్రోల్ గురించి అందరూ అడుగుతున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే లెక్క ప్రకారం అచ్చమైన పెట్రోల్ కన్నా 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. అంతకు మించి మైలేజీ పడిపోయిందంటే కారణం వేరే చోట వెతకాలి, ముందు టైర్లలో గాలి చూడండి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్ల పైపులు, రబ్బరు భాగాలు దీన్ని తట్టుకునేలా వస్తున్నాయి. అంతకు ముందటి సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే ఓనర్ మాన్యువల్‌లో ఏం రాశారో చదివి తీసుకోండి. ఇంకో మాట, మాన్యువల్‌లో 91 ఆక్టేన్ అని ఉన్న బండిలో 100 ఆక్టేన్ పెట్రోల్ పోయించి పికప్ పెరిగిందనుకోవడం మనసు తృప్తి తప్ప ఇంకేం కాదు.

గేర్‌బాక్స్ దగ్గర తొందరపడొద్దు

ఇంజిన్ బాగా ఎంచుకుని గేర్‌బాక్స్ దగ్గర ఇరుక్కున్నవాళ్లు చాలామంది.

మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. అన్నిటికన్నా చవక. గేరు మారినప్పుడల్లా బండి చిన్నగా ఆగి తూగినట్టుంటుంది. ఊళ్లో అలవాటైపోతుంది. ఇందాకటి ఇసుక లారీని దాటేటప్పుడు మాత్రం పెడల్ తొక్కాక అది ఆలోచించుకుని గేరు దించేదాకా ఆగలేం. ఏఎంటీ ఉన్నవాళ్లు ఓవర్‌టేక్ మొదలుపెట్టక ముందే లివర్‌ను మాన్యువల్ వైపు జరిపి గేరు తామే దించుకోవాలి. ఈ ఒక్కటి నేర్చుకుంటే ఏఎంటీ మీద సగం ఫిర్యాదులు పోతాయి.

డీసీటీ అన్నిటికన్నా వేగంగా గేర్లు మారుస్తుంది. రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి ఇప్పటి గేరును పట్టుకుంటే రెండోది తర్వాతి గేరును సిద్ధంగా ఉంచుతుంది. హైవే మీద హాయి. కానీ వెన్యూ, సోనెట్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో వచ్చే ఏడు గేర్ల డీసీటీలో ఉన్నవి డ్రై క్లచ్‌లు, నూనెలో మునగకుండా గాలికే చల్లబడేవి. నెక్సాన్ డీసీఏలో (డీసీటీకి టాటా పెట్టుకున్న పేరు) నూనెలో మునిగే వెట్ క్లచ్ ఉంది, అది వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. మేడారం జాతర రోజుల్లో పస్రా నుంచి తాడ్వాయి దాకా బండ్లు గజం గజం జరుగుతుంటాయి కదా, అలా జరిగిన ప్రతిసారీ డీసీటీ లోపల హాఫ్ క్లచ్ మీదే ఉంటుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో ఇదే పని చేయిస్తే గేర్‌బాక్స్ వేడెక్కిందని మెసేజ్ రావచ్చు. ముందు బండి జరిగిన ప్రతిసారీ మీరూ జరగకుండా, రెండు మూడు బండ్ల ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి ముందుకు తీసుకెళ్లండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేక్ తొక్కి పట్టుకోండి.

టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌కు ఈ బాధలు తక్కువ. ఇంజిన్‌కు గేర్లకు మధ్య ద్రవం ఉంటుంది, రాపిడి ఉండదు, కాబట్టి పాకినా, ఎత్తు ఎక్కినా ఇబ్బంది పడదు. మైలేజీ కొంచెం తగ్గుతుంది. సోనెట్, వెన్యూ డీజిళ్లతో వచ్చేది ఇదే. దూరాలు తిరిగే కుటుంబానికి డీజిల్, టార్క్ కన్వర్టర్ జోడీ అన్నిటికన్నా నిలకడైనదని నా నమ్మకం.

సీవీటీలో గేర్లే ఉండవు, బెల్టు కప్పీల మీద జారుతుంది. ఊళ్లో పట్టు లాగా సాగుతుంది. గట్టిగా తొక్కితే ఇంజిన్ శబ్దం ముందు, వేగం వెనక. సరదా నడపడానికి నేనైతే తీసుకోను.

ఇక మాన్యువల్. కాలు నొప్పి అంటారు, నిజమే. కానీ టర్బో పెట్రోల్‌లో ముల్లును 1800 పైన ఉంచుకోవడం మీ చేతిలో ఉండేది దీనితోనే. వారంలో ఐదు రోజులు ట్రాఫిక్‌లో గడిపేవాళ్లను మాన్యువల్ కొనమనను. ఆదివారం పొద్దున్నే లక్నవరం, రామప్ప వైపు వెళ్లడానికే బండి అనుకునేవాళ్లకు ఇంకేదీ చెప్పను.

ఎలక్ట్రిక్ సంగతి

టార్క్ ఎక్కడ మొదలవుతుందని ఇందాక లెక్క వేశాం కదా, ఎలక్ట్రిక్ బండిలో అది సున్నా నుంచే మొదలవుతుంది. నెక్సాన్ ఈవీ 45లో 215 ఎన్ఎం సిగ్నల్ పడీ పడగానే అందుతుంది. ల్యాగ్ లేదు, గేర్‌బాక్స్ గొడవ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది, పది పదిహేను లక్షల బండికి అది పెద్ద మొత్తమే. సొంత ఇల్లు, ఇంట్లో ఛార్జింగ్ పాయింట్, రోజువారీ తిరుగుడు నగరంలోనే అయితే ముందు దీన్నే చూడండి. హైదరాబాద్ 145 కిలోమీటర్లు, వెళ్లి అక్కడ ఛార్జ్ చేసుకుని రావచ్చు. బొగత జలపాతం వైపు అయితే బయల్దేరే ముందు ఏ ఛార్జర్ పనిచేస్తుందో యాప్‌లో చూసుకోక తప్పదు. అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు, కింద పార్కింగ్‌లో ప్లగ్గుకు అసోసియేషన్ ఒప్పుకోదు అంటే ఆ గొడవ తేలేదాకా ఆగండి.

లక్ష రూపాయలు మిగిలితే

పై వేరియంట్‌కు, కింది వేరియంట్‌కు తేడా లక్ష ఉందనుకోండి. సన్‌రూఫ్‌కా, పెద్ద స్క్రీన్‌కా, లేక బ్రేకులు టైర్లకా? ఈఎస్‌సీ లేని వేరియంట్ వద్దు. తడి రోడ్డు మీద బండి పక్కకు జారుతుంటే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేసి దారిలో పెట్టేది అదే. టైర్లలో గాలి తగ్గితే చెప్పే టీపీఎంఎస్ ఉంటే మంచిది. ఏడాస్, అంటే డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థల విషయంలో నాకు అంత మోజు లేదు. హైదరాబాద్ హైవే మీద గీతలు స్పష్టంగా ఉన్నచోట ముందు బండిని బట్టి వేగం తానే సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ బాగా పనిచేస్తుంది. లైట్లు లేని వడ్ల ట్రాక్టరు, రోడ్డు మీదే ఆరబోసిన మక్కలు, ఉన్నట్టుండి అడ్డమొచ్చే బర్రెలు ఉన్న మన పల్లె రోడ్ల మీద దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

వేగం 80 నుంచి 100కు పెరిగితే బండి ఆగే దూరం పావు వంతు పెరుగుతుందనుకుంటారు. నిజానికి వేగం వర్గం (స్క్వేర్) చొప్పున పెరుగుతుంది, అంటే సగానికి పైగా. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద, 80లో దాదాపు 31 మీటర్లకు ఆగే బండి 100లో 48 మీటర్లు తీసుకుంటుంది. బ్రేక్ తొక్కాలని మీకు తట్టే లోపు పోయే దూరం దీనికి అదనం. ఇంజిన్ రీమ్యాప్‌కు పెట్టే డబ్బు టైర్లకు పెట్టమని నేను మొత్తుకునేది ఇందుకే.

టైర్ సైజు మార్చాలనుకుంటే బయటి వ్యాసం మారకుండా చూసుకోండి. 185/65 ఆర్15 టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 వేస్తే 620.9, దాదాపు సమానం, స్పీడోమీటరు తప్పు చూపదు. కానీ పక్క గోడ 120 మిల్లీమీటర్ల నుంచి 107కు తగ్గింది. మలుపుల్లో పట్టు బాగుంటుంది, గుంతల్లో రిమ్ము వంగే భయం పెరుగుతుంది. మన రోడ్లకు 15 అంగుళాల రిమ్ము మీదే ఒక మెట్టు మంచి కంపెనీ టైరు వేసుకోవడం నాకు నచ్చిన దారి. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది, 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని. కొత్తది అని చెప్పి మూడేళ్ల కిందటి టైరు అంటగట్టకుండా అది చదువుకోండి.

గాలి ఎప్పుడూ చల్లటి టైరులో చూడాలి. 10 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి దిగగానే పంక్చర్ షాపులో చూస్తే ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయించారంటే మర్నాడు పొద్దున తక్కువతో బయల్దేరతారు. నైట్రోజన్‌కు డబ్బు పెట్టకపోయినా ఫరవాలేదు, పదిహేను రోజులకోసారి మామూలు గాలి చూపించుకుంటే చాలు.

రీమ్యాప్ అన్నాను కదా. టర్బో ఇంజిన్ ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో లెక్కలు మార్చి పవర్ పెంచడం సాధ్యమే, పెరుగుతుంది కూడా. వారంటీ పోతుంది, క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టొచ్చు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కుదరదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగానే చెప్పింది. డీజిల్‌లో డీపీఎఫ్ తీయించేయడం కూడా ఇందులోకే వస్తుంది.

టర్బో తీసుకున్నవాళ్లకు రెండు అలవాట్లు. పొద్దున స్టార్ట్ చేయగానే గట్టిగా తొక్కొద్దు, రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. హైవే మీద గట్టిగా నడిపి టిఫిన్ కోసం ఆగినప్పుడు వెంటనే ఆఫ్ చేయకుండా అర నిమిషం, నిమిషం ఐడిల్‌లో ఉంచండి, ఎర్రగా కాగిన టర్బో గుండా ఆయిల్ తిరిగి చల్లబరుస్తుంది. ఆయిల్ గ్రేడు మాన్యువల్‌లో ఏది ఉంటే అదే. భూపాలపల్లి, గోదావరిఖని, రామగుండం బొగ్గు దుమ్ములోనో, కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపో రోజూ తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ను సర్వీస్ గడువు దాకా ఆపకుండా మధ్యలో తీయించి చూసుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఎట్లా వెళ్లాలి

షోరూం చుట్టూ ఒక రౌండు వేయిస్తే ఏమీ తెలియదు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ ఫుల్లుగా పెట్టి, ఇంట్లోవాళ్లను ముగ్గురిని ఎక్కించుకుని వెళ్లండి. వేడి గాలి పల్చగా ఉంటుంది, ఇంజిన్ నిజంగా ఎంత లాగుతుందో అప్పుడే బయటపడుతుంది. హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఒకసారి, స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేరులో ఒకసారి, బైపాస్ మీద ఖాళీ చూసుకుని మూడో గేరులో 40 నుంచి 80 దాకా ఒకసారి. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ సగంలో ఆగి మళ్లీ కదిలించి చూడండి, బండి వెనక్కి జారుతోందో లేదో తెలుస్తుంది. సీటులో నడుము ఎలా ఉందో అరగంట తర్వాత గానీ తెలియదు కాబట్టి అరగంటకు తక్కువ ఒప్పుకోకండి. మూడు ఇంజిన్లూ ఒకే రోజు, ఒకే దారిలో నడిపితేనే పోలిక కుదురుతుంది. టర్బో టెస్ట్ బండి లేదు, డీజిల్ నడిపి చూడండి సార్, రెండూ ఒకటే అని ఎవరైనా అంటే కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఆ కంపెనీదే ఇంకో షోరూంకు ఫోన్ చేయండి.